బెత్తం లేకుండా కుక్కకు చదువు చెప్పడం ఎలా

మల్కాజిగిరిలోని మా మూడో అంతస్తు ఫ్లాటుకు మిరియం వచ్చి నాలుగేళ్లయింది. మా సందులోనే పుట్టిన నల్ల వీధికుక్క పిల్ల అది. తొలి రోజుల్లో ఎవరు వచ్చి తలుపు తట్టినా ఎగిరి వాళ్ల మీద కాళ్లు వేసేది. అప్పుడు నేను "డౌన్" అని అరిచేవాణ్ణి, మా ఆవిడ "దిగు" అనేది, మా అమ్మ "ఛీ, అవతలికి పో" అంటూ చేత్తో నెట్టేది, మా అబ్బాయి పకపకా నవ్వి దాని వీపు నిమిరేవాడు. నలుగురం కలిసి దానికి నేర్పిన పాఠం ఒక్కటే: మనిషి మీదికి ఎగిరితే ఇంటిల్లిపాదీ తనతో మాట్లాడతారు, తనను తాకుతారు. మేము శిక్ష అనుకున్నది దాని లెక్కలో బహుమతి.

కుక్క ఏ పని చేసినా అది తనకు గిట్టుబాటైందా లేదా అని చూసుకుంటుంది. గిట్టిన పనిని మళ్లీ చేస్తుంది, గిట్టని పనిని మెల్లగా మానేస్తుంది. 1898లో థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఆకలిగొన్న పిల్లులను చెక్కపెట్టెల్లో ఉంచి, గడియ తీసుకుని బయటపడి ఆహారం అందుకునే పనిని అవి ఎలా నేర్చుకుంటాయో గమనించి చెప్పిన సూత్రానికీ దీనికీ తేడా లేదు. కాబట్టి మీరు నేర్పుతున్నా నేర్పకపోయినా కుక్క రోజంతా మీ ఇంట్లో నేర్చుకుంటూనే ఉంటుంది. మీరు చేయవలసినదల్లా ఏ పనికి కూలి చెల్లించాలో ఇంట్లో అందరూ కలిసి తేల్చుకోవడం, ఆ కూలిని సమయానికి ఇవ్వడం.

మాటలు ఖాయం చేసుకోవడం

సామాను కొనడానికి వెళ్లే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒక కాగితం తీసుకోండి. హైదరాబాదు ఇళ్లలో కుక్క మూడు భాషల మధ్య నలిగిపోతుంది. తండ్రి "సిట్" అంటాడు, తల్లి "కూర్చో" అంటుంది, వాచ్‌మన్ "బైఠో" అంటాడు. ఏ భాష అయినా కుక్కకు ఒకటే, కానీ ఒక పనికి ఒకే మాట ఉండాలి. అది రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి, వంటమనిషికీ పనిమనిషికీ కూడా చెప్పండి.

తెలుగు మాటలు ఎంచుకునేవారు రెండు చిక్కులను ముందే గుర్తించాలి. పిలవడానికి చాలామంది "రా" అనే మాటను వాడతారు. మన ఇళ్లలో "ఏరా", "తినరా", "పోరా", "ఎక్కడున్నావురా" అంటూ ఆ అక్షరం రోజుకు వంద సార్లు గాలిలో తిరుగుతూ ఉంటుంది, దాని వెనక కుక్కకు సంబంధించినది ఏమీ ఉండదు. అర్థం లేకుండా అన్నిసార్లు విన్న శబ్దాన్ని కుక్క పట్టించుకోవడం మానేస్తుంది. అందువల్ల పిలుపుకు "ఇటొచ్చెయ్" వంటి, ఇంట్లో మరెవరికీ వాడని పొడవైన మాట పెట్టుకోవడం మంచిది. అలాగే "వద్దు", "వదులు" అనే రెండు మాటలు మనకు వేరు గానీ కుక్క చెవికి దాదాపు ఒకటే. నోట్లో ఉన్నది విడిచిపెట్టించడానికి మేము "ఇచ్చెయ్" అంటాము.

తాయిలాలు

మొదటి నెలల్లో తాయిలం రుచిగా, మెత్తగా, శనగగింజంత పరిమాణంలో ఉండాలి. ఉప్పూ మసాలా వేయకుండా ఉడికించిన కోడిమాంసం తునకలు, పనీర్, ఉడికిన గుడ్డు, క్యారెట్ ముక్కలు సరిపోతాయి. కరకరలాడే బిస్కెట్టును నమలడానికి పట్టే సమయంలో కుక్క తాను ఏం చేసి దాన్ని సంపాదించిందో మరచిపోతుంది, పైగా అందులో చక్కెర ఎక్కువ. రోజంతా ఇచ్చే తాయిలాలు మొత్తం ఆహారంలో పదో వంతుకు మించకుండా చూసుకోండి. అంతకంటే ఎక్కువ పాఠాలు చెప్పవలసి వచ్చిన రోజు దాని మామూలు భోజనంలోంచే కొంత తీసి పాఠాలకు వాడండి.

చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో తీపి కోసం వేసే జైలిటాల్ ఇంకా ప్రమాదకరం. మన ఊళ్లో ఆదివారం మిగిలిన బిర్యానీని ప్రేమతో కుక్క గిన్నెలో వేసే అలవాటు ఉంది. అందులో వేయించిన ఉల్లిపాయ ఉంటుంది, ఉడికిన ఎముకలు ఉంటాయి. ఉడికిన ఎముక పెళుసుబారి మొనలు తేలి విరుగుతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. పండుగనాటి పాయసం విషయంలోనూ ఇదే జాగ్రత్త, కిస్మిస్ ఏరేసి పెట్టవచ్చనుకోకండి.

గుర్తు మాట

కుక్క కూర్చున్న క్షణానికీ మీరు జేబులోంచి తాయిలం తీసి ఇచ్చే క్షణానికీ మధ్య మూడు నాలుగు సెకన్లు గడిచిపోతాయి. ఆలోగా అది లేచి నిలబడి పక్కకు చూసి ఉంటుంది. మీరు కూర్చున్నందుకు ఇచ్చాననుకుంటారు, అది లేచినందుకు వచ్చిందనుకుంటుంది. ఈ సందును పూడ్చేదే గుర్తు మాట. "నువ్వు సరిగ్గా ఇప్పుడు చేసిన దానికే కూలి వస్తోంది" అని చెప్పే చిన్న శబ్దం అది. సముద్ర జంతువులకు నేర్పేవాళ్లు ఈల వాడేది కూడా ఇందుకే. నీళ్లలో ఉన్న డాల్ఫిన్‌కు గొలుసు కట్టలేరు, బెత్తం చూపలేరు, అది గాలిలోకి ఎగిరిన క్షణాన్ని ఈలతో పట్టుకుని తర్వాత చేప ఇస్తారు. ఈల బదులు వాడే, నొక్కితే టక్కుమనే క్లిక్కర్ అనే చిన్న సాధనం పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతుంది. నాకు మాత్రం చేతిలో లీష్ (కుక్కను పట్టుకుని నడిపించే పట్టీ), తాయిలాల సంచీ, క్లిక్కర్ మూడూ పట్టుకోవడం కష్టమై "భేష్" అనే మాటకు స్థిరపడ్డాను. అది పొట్టిది, గట్టిగా పలుకుతుంది, మా ఇంట్లో ఇంకెవరూ ఎవరినీ అంతగా మెచ్చుకోరు గనుక వేరే సందర్భంలో వినబడదు.

ముందు ఆ మాటకు విలువ పుట్టించాలి. కుక్కను ఏమీ అడగకుండానే "భేష్" అని వెంటనే ఒక తాయిలం ఇవ్వండి, కొంచెం ఆగి మళ్లీ అలాగే చేయండి. పదిహేను ఇరవై సార్లయ్యాక అది అటు చూస్తున్నప్పుడు "భేష్" అంటే చటుక్కున మీ చేతి వైపు తిరుగుతుంది. అంటే నాణెం చెలామణీలోకి వచ్చినట్టే. అప్పటి నుంచి ఆ మాట అన్న ప్రతిసారీ, పొరపాటున నోరుజారి అన్నప్పుడు కూడా, తాయిలం ఇచ్చి తీరాలి.

మొదటి పాఠం: కూర్చోవడం

తాయిలాన్ని కుక్క ముక్కుకు దగ్గరగా పట్టుకుని మెల్లగా దాని తల మీదుగా వెనక్కి జరపండి. ముక్కు పైకి లేస్తే నడుము తనంతట తానే దిగుతుంది. పిరుదులు నేలను తాకిన క్షణంలో "భేష్" అని ఇవ్వండి. నడుము మీద చెయ్యి పెట్టి నొక్కకండి, నొక్కితే కుక్క ఎదురు బలం చూపడం నేర్చుకుంటుంది. అయిదారు సార్లు ఇలా చేశాక తాయిలం లేని ఖాళీ చేతితో అదే సైగ చేసి, కూర్చున్నాక రెండో చేతితో ఇవ్వండి. ఈ మార్పును ఆలస్యం చేసినవారే తరువాత "చేతిలో తిండి కనబడితే తప్ప మా కుక్క వినదు" అని వాపోతారు. తాయిలం ఎరగా ఉండకూడదు, పని అయ్యాక అందే కూలిగా ఉండాలి.

సైగకు తప్పకుండా కూర్చుంటున్నప్పుడు మాత్రమే మాటను చేర్చండి. ముందు "కూర్చో" అనండి, ఒక్క క్షణం ఆగండి, తర్వాత సైగ చేయండి. మాట ఒక్కసారే అనాలి. "కూర్చో, కూర్చో, కూర్చోమంటున్నానా" అని జపం చేస్తే, మూడోసారి దాకా ఆగడమే ఆ మాటకు అర్థమని కుక్క తేల్చుకుంటుంది.

ఒక్కో పాఠం మూడు నుంచి అయిదు నిమిషాలకు మించనవసరం లేదు, అది రోజుకు మూడు సార్లు చాలు. పదిసార్లు అడిగితే ఎనిమిదిసార్లు చేసేదాకా కష్టం పెంచకండి. పెంచేటప్పుడు కూడా వ్యవధి, దూరం, చుట్టూ ఉన్న సందడి, ఈ మూడింటిలో ఒకదాన్నే పెంచి మిగతావి తగ్గించండి. హాలులో బుద్ధిగా కూర్చునే కుక్క సెల్లార్‌లో బైకుల మధ్య మీ మాట వినకపోతే అది మొండితనం కాదు. ఒకచోట నేర్చిన పాఠాన్ని కుక్క మరోచోట తనంతట తాను అన్వయించుకోదు. హాలు, బాల్కనీ, వరండా, లిఫ్టు, సెల్లార్, గేటు బయట, ఇలా ప్రతి చోటా అదే పాఠాన్ని దాదాపు మొదటి నుంచి చెప్పాలి, అయితే ప్రతిసారీ ముందుకన్నా త్వరగా పట్టుకుంటుంది.

ఎగరడం, అడుక్కోవడం, చాప

"ఎగరవద్దు" అని కుక్కకు నేర్పడం కష్టం, ఎందుకంటే చేయకపోవడం అనేది దానికి కనిపించే పని కాదు. ఎగరడంతో పాటు చేయలేని వేరే పనిని నేర్పడం తేలిక. మేము హాలు మూలలో ఒక చిన్న చాప వేశాము. తొలి వారం మిరియం ఆ చాప మీద కాలు పెడితే చాలు "భేష్" అనేవాళ్లం, తర్వాత నాలుగు కాళ్లూ పెడితే, ఆ తర్వాత పడుకుంటే. అటుపైన కాలింగ్ బెల్లును మేమే మోగించి "చాప" అని పంపడం మొదలుపెట్టాము. ఆరు వారాలు పట్టింది. ఇప్పుడు గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయి వచ్చినా అది చాప మీదికే పరుగెత్తి మా వైపు తిరిగి చూస్తుంది.

ఇదే సమయంలో ఎగరడానికి గిట్టుబాటు పూర్తిగా ఆగిపోవాలి. ఎగిరినప్పుడు ఎవరూ మాట్లాడకుండా, తాకకుండా, చూడకుండా పక్కకు తిరిగి నిలబడాలి, నాలుగు కాళ్లూ నేల మీద పడిన క్షణంలో ముద్దు చేయాలి. ఇక్కడే చాలా ఇళ్లలో పని చెడుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం పనిచేయకపోతే కుక్క వెంటనే మానేయదు, ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది, ఎత్తుగా ఎగురుతుంది, మొరుగుతుంది. రెండు మూడు రోజులు ఇలా పెచ్చుమీరడం అసలు పాఠం ఎక్కుతున్నదనడానికి గుర్తు. అప్పుడే ఎవరో ఒకరు విసిగిపోయి పలకరించారంటే, ఇకపై అంత గట్టిగా ఎగిరితేనే పని జరుగుతుందని దానికి నేర్పినట్టు అవుతుంది. భోజనాల బల్ల దగ్గర అడుక్కోవడమూ ఇంతే. ఇంట్లో నలుగురు నియమం పాటించి నానమ్మ ఒక్కరే వారానికి ఒక ఇడ్లీ ముక్క జారవిడిచినా, ఎప్పుడో ఒకసారి తగిలే లాటరీలా ఆ ఆశ ఎన్నటికీ చావదు. పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని ఆపలేము, ఆపకూడదు కూడా. మా అమ్మకు మేమే ఒక చిన్న డబ్బా ఇచ్చి, దానిలోది ఎప్పుడైనా పెట్టవచ్చు కానీ మిరియం చాప మీద ఉన్నప్పుడే పెట్టాలి అన్నాము. ఆమె మా అందరికంటే కచ్చితంగా ఆ నియమం పాటించింది.

వీధిలో నడక

గొంతు బిగించే గొలుసు వద్దు. ఛాతీ వైపు ఉంగరం ఉన్న హార్నెస్ (మెడకు కాక ఒంటికి తొడిగే పట్టీ), ఆరడుగుల మామూలు లీష్ కొనండి. కుక్క లాగిన క్షణంలో మీరు స్తంభంలా నిలబడిపోండి. లీష్ వదులైన క్షణంలో "భేష్" అని ముందుకు నడవండి. తొలి వారం ఇంటి నుంచి సందు చివరికి చేరడానికి ఇరవై నిమిషాలు పట్టవచ్చు, ఆఫీసుకు ఆలస్యమయ్యే రోజున ఈ పాఠం పెట్టుకోకండి. నడకలో తిండి ఒక్కటే కూలి కాదు. పదడుగులు లాగకుండా నడిచినందుకు ప్రతిఫలంగా ఆ కరెంటు స్తంభాన్ని తనివితీరా వాసన చూడనివ్వండి, దానికి అది పేపరు చదవడం వంటిది.

మన సందుల్లో వీధికుక్కల గుంపులు ఉంటాయి. దూరం నుంచే అవి కనబడగానే మీ కుక్క ఇంకా ప్రశాంతంగా ఉన్నప్పుడే తాయిలాలు ఇవ్వడం మొదలుపెట్టి, వాటికి వీలైనంత ఎడంగా, వంపుగా తిరిగి వెళ్లండి. మొరగడం మొదలయ్యాక పాఠం చెప్పలేరు, ఆ క్షణంలో చేయగలిగింది దూరం పెంచడమే. మార్చి నుంచి జూన్ దాకా నడకను తెల్లవారుజామునకు, రాత్రికి మార్చుకోండి. అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి.

పిలిస్తే రావడం

ఈ పాఠానికి మాత్రం తాయిలాల్లో అత్యుత్తమమైనది కేటాయించండి. హాలులో రెండడుగుల దూరం నుంచి "ఇటొచ్చెయ్" అనడంతో మొదలుపెట్టి, వరుసగా మూడు నాలుగు ముక్కలు ఇచ్చి పండుగ చేయండి. బయటికి వెళ్లాక పది మీటర్ల పొడవైన తాడు కట్టి సాధన చేయించండి. కొండాపూర్‌లో హైదరాబాదు నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ ఏర్పాటు చేసిన కుక్కల పార్కు వంటి కంచె వేసిన చోట్లు ఇందుకు అనుకూలం. స్నానానికో, మందు వేయడానికో, తిట్టడానికో ఆ మాటతో ఎన్నడూ పిలవకండి, అలాంటప్పుడు మీరే వెళ్లి తీసుకురండి. పారిపోయి అరగంటకు తిరిగి వచ్చిన కుక్కను కొట్టారంటే, అది పారిపోయినందుకు కాక తిరిగి వచ్చినందుకు దెబ్బ తిన్నట్టు.

డప్పులు, బాణసంచా

ఆషాఢంలో బోనాల డప్పులు, పెళ్లిళ్ల సీజనులో అర్ధరాత్రి బరాత్‌లు, వినాయక నిమజ్జనం, దీపావళి. మన ఊళ్లో కుక్క చెవికి తీరిక లేదు. పండుగకు రెండు నెలల ముందు ఫోనులో టపాసుల శబ్దాన్ని, కుక్క చెవి కదిలించి ఊరుకునేంత చిన్నగా పెట్టండి. శబ్దం రాగానే కోడిమాంసం, శబ్దం ఆగగానే తిండీ ఆగుతుంది. ఈ క్రమం ముఖ్యం, శబ్దమే తిండికి కబురు కావాలి. కొన్ని రోజులకు ఒకసారి కొద్దిగా శబ్దం పెంచండి. తినడం మానేసినా, తోక ముడిచినా మీరు తొందరపడ్డారని అర్థం, ఒక మెట్టు దిగండి.

భయపడుతున్న కుక్కను దగ్గరకు తీసుకుంటే భయం పెరుగుతుందని పెద్దలు అంటారు, అది నిజం కాదు. భయం దానంతట అది కలిగే స్థితి, కూలి కోసం చేసే పని కాదు. ఓదార్చండి, తినగలిగితే పెట్టండి. దీపావళి రాత్రి కిటికీలు మూసి, పరదాలు దించి, ఫ్యాన్ చప్పుడున్న లోపలి గదిలో దానికి చోటు ఇవ్వండి. వణుకుతూ మంచం కింద గంటల కొద్దీ గడిపే కుక్క విషయం పండుగకు ముందే వైద్యుడికి చెప్పండి, అందుకు మందులు ఉన్నాయి.

పిల్ల వయసులో

పుట్టిన మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని పరిచయం చేసుకుంటుంది. టీకాలు పూర్తికాలేదని ఆ వారాలన్నీ గదిలో పెట్టేస్తే తర్వాత గొడుగును చూసినా, బుర్ఖాను చూసినా, హెల్మెట్‌ను చూసినా బెదురుతుంది. నేల మీద దించకుండా చేతుల్లో ఎత్తుకుని ఆటో చప్పుడు, కూరగాయల బండి, లిఫ్టు అన్నీ చూపించండి, ప్రతి కొత్తదానితో ఒక తాయిలం జత చేయండి. మూడు నెలల వయసుకు రేబిస్ టీకా వేయించి, మీ నగరపాలక సంస్థలో నమోదు చేయించండి. మూత్రం విషయంలో నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే బయటికి తీసుకెళ్లి అక్కడికక్కడే మెచ్చుకుంటే చాలు. ఇంట్లో చేసినందుకు ముక్కు రుద్దితే మీ కళ్ల ముందు చేయకూడదని నేర్చుకుని సోఫా వెనక చేస్తుంది.

కొట్టడం గురించి

మిరియానికి ముందు మాకు ఇంకో కుక్క ఉండేది. దాన్ని నగర శివారులో ఒక శిక్షణ కేంద్రంలో నెల రోజులు విడిచిపెట్టాము. తిరిగి వచ్చాక చెప్పిన ప్రతి పనీ చేసింది, కానీ నేను చెయ్యి ఎత్తి తల దువ్వుకున్నా నేలకు కరుచుకుపోయేది. గుర్రుమనడం పూర్తిగా మానేసింది, మేము సంతోషించాము. కొన్ని నెలలకు ఏ హెచ్చరికా లేకుండా చుట్టాల అబ్బాయి చేతిని కరిచింది. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక, దాన్ని దండించి అణిచేస్తే భయం అలాగే ఉంటుంది, హెచ్చరిక మాత్రమే పోతుంది. పోర్చుగల్ పరిశోధకులు 92 పెంపుడు కుక్కలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, దండన ఎక్కువగా వాడిన శిక్షణ పొందిన కుక్కల్లో ఒత్తిడి చేష్టలు ఎక్కువగా ఉన్నాయని, శిక్షణ తర్వాత వాటి లాలాజలంలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ అనే హార్మోను కూడా ఎక్కువగా పెరిగిందని తేలింది. జంతువులను కొట్టడం, హింసించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

"నువ్వు గుంపుకు నాయకుడివని చూపించాలి" అనే సలహా ఇంకా వినబడుతూనే ఉంది. 1947లో షెంకెల్ అనే పరిశోధకుడు, బంధించి ఉంచిన తోడేళ్లను చూసి రాసిన పరిశీలనల మీద ఆ భావన నిలబడింది. దాన్ని 1970లో తన రచనతో ప్రచారంలోకి తెచ్చిన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్తే, అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లిదండ్రులూ పిల్లలూ ఉన్న కుటుంబమని 1999లో రాసి ఆ భావనను పక్కన పెట్టమన్నాడు.

గిన్నె దగ్గర గుర్రుమనే కుక్క నుంచి గిన్నె లాక్కోకండి. దూరంగా నడిచి వెళ్తూ గిన్నెలో ఉన్నదానికంటే మంచి ముక్కను విసిరి వెళ్లిపోండి, రోజులు గడిచేకొద్దీ దూరం తగ్గించండి. మీరు దగ్గరికి రావడమంటే పోగొట్టుకోవడం కాదని, రాబడి అని దానికి తెలియాలి. నిన్నటిదాకా బాగున్న కుక్క హఠాత్తుగా కసురుకుంటే శిక్షకుడి కంటే ముందు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి, చెవిపోటో, పంటినొప్పో, కీళ్లనొప్పో అయి ఉండవచ్చు. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉన్నాయి. ఇప్పటికే కరిచిన కుక్క అయితే ఈ వ్యాసం చదివి మీరే ప్రయోగాలు చేయకండి, అనుభవజ్ఞుల సాయం తీసుకోండి.

శిక్షకుణ్ణి పెట్టుకునే ముందు ఫోనులో రెండు ప్రశ్నలు అడగండి: కుక్క సరిగ్గా చేస్తే మీరు ఏం చేస్తారు, తప్పు చేస్తే ఏం చేస్తారు? రెండో ప్రశ్నకు "కరెక్షన్ ఇస్తాం" అని దాటేస్తే ఆ కరెక్షన్ ఏమిటో విప్పి చెప్పమనండి. పాఠం మీ ఎదుట, మీ ఇంట్లో, మీ చేత చేయించడానికి ఒప్పుకోని వారికి లీష్ అందించకండి.